దూరదర్శిని మోటారు పట్టేస్తే...

దూరదర్శినిలో గురుగ్రహాన్ని మొదటిసారి చూసిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "సార్, అది ఉరుకుతున్నదేంది?"

ఉరికేది గురుగ్రహం కాదు, మనమే. భూమి తన చుట్టూ తాను తిరగటం వల్ల ఆకాశమంతా తూర్పు నుంచి పడమరకు జరుగుతున్నట్టు కనిపిస్తుందని మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. ఎంత జరుగుతుంది? రోజుకు 360 డిగ్రీలు, అంటే నిమిషానికి పావు డిగ్రీ. మామూలు కంటికి ఇది తెలియనే తెలియదు. కాని వంద రెట్లు పెద్దది చేసి చూపే కటకం బిగిస్తే మనకు కనిపించే ఆకాశం సుమారు అర డిగ్రీ మాత్రమే. నిండు చందమామ పట్టేంత జాగా అన్నమాట. దాన్ని దాటటానికి చుక్కకు రెండు నిమిషాలు చాలు. అరవై మంది పిల్లలు వరుసలో నిలబడి ఉంటే, ఒకరు చూసి దిగి మరొకరు కన్ను ఆనించేలోగా గురుడు పక్కకు తప్పుకుంటాడు. మళ్లీ వెదకాలి.

అందుకే దూరదర్శినికి మోటారు పెడతారు. భూమి ఏ వేగంతో తూర్పుకు తిరుగుతున్నదో అదే వేగంతో మోటారు గొట్టాన్ని పడమటికి తిప్పుతుంది. రెండూ సరిపోయి, చుక్క చూపు మధ్యలో నిలుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. గొట్టం ఒక చుట్టు తిరగటానికి పట్టవలసిన కాలం 24 గంటలు కాదు. 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లు. సూర్యుణ్ని బట్టి కొలిచే రోజులో భూమి సూర్యుని చుట్టూ కూడా కొంత దూరం నడుస్తుంది గనుక ఈ నాలుగు నిమిషాల తేడా వచ్చింది. సెకండ్లలో చెబితే 86,164. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి. మనం పట్టుకోబోయే దొంగ ఆచూకీ ఇందులోనే ఉంది.

గొట్టాన్ని తిప్పే ఇరుసును ధ్రువాక్షం అంటారు. అది భూమి ఇరుసుకు సమాంతరంగా, ధ్రువ నక్షత్రం వైపు చూస్తూ ఉండాలి. ఆ ఇరుసుకు ఒక పెద్ద ఇత్తడి పళ్ల చక్రం బిగించి ఉంటుంది. దాన్ని తాకుతూ, స్క్రూలాగా మరలు చుట్టిన ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని వర్మ్ అంటారు. వర్మ్ ఒక చుట్టు తిరిగితే పెద్ద చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. చక్రానికి 144 పళ్లుంటే వర్మ్ 144 చుట్లు తిరిగితేగాని గొట్టం ఒక చుట్టు తిరగదు. 86,164ను 144తో భాగించండి. 598 సెకండ్లు వస్తుంది. అంటే పది నిమిషాలకు రెండు సెకండ్లు తక్కువగా వర్మ్ ఒక చుట్టు తిరుగుతుంది.

వర్మ్‌కు ఇంకో గుణం ఉంది. అది చక్రాన్ని తిప్పగలదు, చక్రం మాత్రం దాన్ని తిప్పలేదు. లారీల వాళ్ల మర జాకీని చూశారు గదా! మరను తిప్పితే లారీ లేస్తుంది. లారీ బరువంతా మీద పడినా మర వెనక్కు తిరగదు. దూరదర్శిని గాలికి ఊగకుండా నిలిచేది ఈ గుణం వల్లనే. పట్టేసినప్పుడు విరిగేది కూడా ఈ గుణం వల్లనే. మోటారు ఆగిపోయిందని విసుగుపుట్టి గొట్టాన్ని చేత్తో గట్టిగా నెట్టారనుకోండి, ఆ బలమంతా ఒకటి రెండు ఇత్తడి పళ్ల మీద పడుతుంది. పళ్లు వంగితే ఆ చక్రం ఇక బాగుపడదు. కొత్తది ఎక్కడి నుంచో తెప్పించాలి. నేను చూసిన కొన్ని బడుల్లో దూరదర్శిని బీరువా మీద దుమ్ము కొట్టుకుని పడి ఉండటానికి కారణం కటకం పగలటం కాదు, ఈ నెట్టుడే.

మోటారుకు ముందు ఈ పని గడియారం చేసేది. జర్మనీ దేశపు ఫ్రౌన్‌హోఫర్ 1824లో డోర్పాట్ నగరానికి, అంటే నేటి ఎస్టోనియాలోని టార్టూకు, పెద్ద దూరదర్శినిని తయారుచేసి ఇచ్చాడు. కిందికి జారే బరువు దాని చక్రాలను తిప్పేది. మన దగ్గరా ఆకాశాన్ని వెంబడించిన వాళ్లున్నారు. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తరవాత ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ నిర్ణయం జరిగింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. ఆ తరవాత ఉత్తరాన మరొకటి. ఎనిమిది అంగుళాల దూరదర్శినితో ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను వాళ్లు కొలిచి అచ్చువేశారు.

ఇందులో మనకు కావలసిన సంగతి ఒకటుంది. ఆ ప్రణాళికకు నిర్ణయించిన కొలత ప్రకారం గాజు పలక మీద ఒక మిల్లీమీటరు, ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతు. ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది గనుక, చక్రాలు నాలుగే నాలుగు సెకండ్లు పట్టేసినా చుక్క బొమ్మ ఒక మిల్లీమీటరు సాగి గీత అయిపోతుంది. అంతవరకు పడిన శ్రమ దండుగ. అందుకే ఫోటో తీస్తున్నంతసేపూ పరిశీలకుడు పక్క దూరదర్శినిలో ఒక చుక్క మీద కన్ను తీయకుండా కూర్చునేవాడు.

సరే, మన బడి దూరదర్శిని ఆగిపోయింది. ఏం చేయాలి?

మొదట చెవి పెట్టి వినండి. అసలు చప్పుడే లేదా? అప్పుడు చక్రాల జోలికి పోవద్దు. బ్యాటరీ, తీగ, ఫ్యూజు చూడండి. బ్యాటరీని విడిగా కొలిస్తే 12 వోల్టులు చూపించి, మోటారు తగిలించగానే పడిపోవచ్చు. అందుకని మోటారు తగిలించి ఉండగానే కొలవాలి. మోటారు హాయిగా తిరుగుతున్నా చుక్క జారిపోతున్నదా? అది పట్టేయటం కాదు, జారటం. క్లచ్ వదులై ఉంటుంది, లేదా చిన్న చక్రాన్ని ఇరుసుకు బిగించే మర ఊడి ఉంటుంది. ఇక మూడోది: మోటారు మూలుగుతుంది, చక్రం కదలదు, చేయి పెడితే వేడి. ఇదే అసలు పట్టేయటం. వెంటనే కరెంటు ఆపండి. ఇందులో ఒక్క నిమిషం కూడా తాత్సారం పనికిరాదు.

ఎందుకో లెక్క చూద్దాం. తిరుగుతున్న మోటారు అదే సమయంలో ఒక డైనమో కూడా. అది ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. మోటారు చుట్ల నిరోధం 20 ఓములు, బ్యాటరీ 12 వోల్టులు, ఎదురు వోల్టేజి 10 అనుకుందాం. మిగిలింది 2 వోల్టులు; 2ను 20తో భాగిస్తే కరెంటు 0.1 ఆంపియరు. మోటారు ఆగిపోతే ఎదురు వోల్టేజి సున్న. మొత్తం 12 వోల్టులూ తీగ మీదే పడతాయి, కరెంటు 0.6 ఆంపియరు. కరెంటు ఆరు రెట్లయితే వేడి ఆరు రెట్లు కాదు సుమా! వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 36 రెట్లు. 0.2 వాట్లు కాస్తా 7.2 వాట్లు. అంత చిన్న డబ్బాలో ఆ వేడికి తీగ మీది పూత మాడుతుంది.

కరెంటు ఆపాక సగం సగం చేసి వెదకాలి. క్లచ్ వదులు చేయండి. గొట్టం చేత్తో సులువుగా తిరగకపోతే దోషం ఇరుసులోనో, బేరింగులోనో, ఎక్కడో చిక్కుకున్న తీగలోనో ఉంది. సులువుగా తిరిగితే ఆ సగం మంచిదే. దోషం వర్మ్ వైపు ఉంది. ఇప్పుడు మోటారును పట్టి ఉంచే మరలు తీసి, దాన్ని పక్కకు జరపండి. వర్మ్‌ను వేళ్లతో తిప్పండి. తిరగకపోతే వర్మ్‌లోనో పెద్ద చక్రంలోనో దోషం. తిరిగితే అవి రెండూ నిర్దోషులు. మోటారు వైపు చిన్న చక్రాల్లో దొంగ ఉన్నాడు. రెండు పరీక్షలతో మూడు భాగాల్లో రెండింటిని వదిలేశాం. అన్నీ ఒకేసారి విప్పి బల్ల మీద పోసేవాడికి ఈ సౌకర్యం ఉండదు. మళ్లీ బిగించేటప్పుడు ఒక మర ఎక్కువ కూడా అవుతుంది!

అయితే అసలు విప్పకుండానే దొంగను పట్టే ఉపాయం ఒకటుంది. దానికి కావలసింది చేతి గడియారం, పెన్సిలు.

సిరిసిల్ల పిల్లలకు ఇది తొందరగా బోధపడుతుంది. మరమగ్గం మీద నేసిన గుడ్డలో పేక దట్టంగా, పలచగా పడ్డ చారలు ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వస్తే, గుడ్డను లాగే చక్రాల్లో ఒకదానికి పన్ను చెడిందని అర్థం. చారకూ చారకూ మధ్య దూరం కొలిస్తే అది ఏ చక్రమో తెలుస్తుంది. ఎందుకంటే చెడిన పన్ను చుట్టుకు ఒక్కసారే వస్తుంది. సైకిలు తొక్కుతున్నప్పుడు 'టక్' అనే చప్పుడు పెడలు చుట్టుకొకసారి వస్తే దోషం పెడలు దగ్గర. మూడు నాలుగు సెకండ్లకొకసారి వస్తే గొలుసులో ఒక లింకు బిగుసుకుని ఉంటుంది. దూరదర్శినికి కూడా ఇదే సూత్రం. అది పట్టేసే ముందు చాలాసార్లు తడబడుతుంది. తడబాటుకూ తడబాటుకూ మధ్య కాలమే ఆ చక్రం పేరు.

2023 డిసెంబరులో గురుడు సాయంకాలం నడినెత్తికి దగ్గరగా వెలుగుతున్న రోజుల్లో మా బడి మైదానంలో ఇదే జరిగింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలు, వాళ్లను తోలుకవచ్చిన తల్లులు, అందరూ వరుసలో ఉన్నారు. సగం మంది కూడా చూడకముందే మోటారు మూలిగి ఆగిపోయింది. "మల్ల ఆగింది సార్" అన్నది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె. మళ్లీ ఏమిటని అడిగితే తన నోటుబుక్కు చూపింది. ఆ అమ్మాయి గురుగ్రహం చందమామల బొమ్మలు గీస్తూ పక్కన వేళ రాసుకుంటున్నది. బొమ్మ గీస్తుండగా గురుడు ఉన్నట్టుండి పక్కకు తప్పుకున్నప్పుడల్లా ఆ వేళ కూడా రాసిపెట్టింది: 7-41, 7-43న్నర, 7-46. చివరగా ఆగింది 7-48న్నరకు.

రెండున్నర నిమిషాలకొకసారి! మా దూరదర్శిని పెద్ద చక్రానికి 144 పళ్లు. వర్మ్‌లో దోషముంటే పది నిమిషాలకొకసారి తడబడాలి. వర్మ్ ఇరుసుకు 48 పళ్ల చక్రం, దాన్ని తిప్పేది మోటారు వైపున్న 12 పళ్ల చిన్న చక్రం. వర్మ్ ఒక చుట్టు తిరిగేలోగా ఈ చిన్నది నాలుగు చుట్లు తిరుగుతుంది. 598 సెకండ్లలో నాలుగో వంతు 149న్నర, అంటే రెండున్నర నిమిషాలు. విప్పవలసింది ఆ ఒక్క చక్రం మూతనే. టార్చిలైటు వేసి, 25 మిల్లీమీటర్ల కంటికటకాన్నే భూతద్దంగా తలకిందులు చేసి పట్టుకుని చూశాం. (ఇది పదిరెట్లు చూపే మంచి భూతద్దం, తెలుసా?) రెండు పళ్ల సందులో ఒక్క ఇసుక రేణువు, గ్రీజులో అతుక్కుని ఉంది. గుండుసూదితో తీశాం. తొమ్మిదింటికల్లా వరుస మళ్లీ కదిలింది.

ఒక్క ఇసుక రేణువేగా అనుకోకండి. మానేరు ఇసుక గాని, గోదావరి ఇసుక గాని, అందులో ఎక్కువ భాగం క్వార్ట్జ్. గట్టితనపు కొలబద్దలో వజ్రం 10 అయితే క్వార్ట్జ్ 7. మామూలు చాకు ఉక్కు ఐదున్నర, ఇత్తడి మూడు. ఇంకో తమాషా చూడండి. ఇసుక మెత్తని ఇత్తడిలో గుచ్చుకుని అక్కడే కూర్చుంటుంది. కూర్చుని, గట్టిదైన ఉక్కు వర్మ్‌ను గరుకు కాగితంలాగా అరగదీస్తుంది. అరిగేది మెత్తనిదే అని మనం అనుకుంటాం గదా!

పళ్లలో ఏ దోషమూ లేకపోయినా మన ప్రాంతంలో దూరదర్శిని పట్టేయటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మన అక్షాంశం. కరీంనగర్ 18.4 డిగ్రీలు, ఆదిలాబాద్ 19.7 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం మనకు అంతే ఎత్తులో, చాచిన చేతి జానెడు ఎత్తులో కనిపిస్తుంది. ధ్రువాక్షాన్ని కూడా అంతే పైకి ఎత్తాలి. అంటే అది దాదాపు పడుకుని ఉంటుంది. కాని చాలా పీఠాల నమూనా 40, 50 డిగ్రీల అక్షాంశంలో ఉన్న దేశాల వాళ్లు వాళ్ల ఆకాశానికి తగినట్టు గీసుకున్నది. గొట్టానికి ఎదురుగా ఒక కడ్డీకి బరువు తగిలించి ఉంటుంది గదా! మన దగ్గర ఆ కడ్డీ తిరిగే తలం దాదాపు నిలువుగా ఉంటుంది. పడమటికి వాలుతున్న గ్రహాన్ని వెంబడిస్తుంటే గొట్టం పైకి లేస్తూ, బరువు కిందికి దిగుతూ దిగుతూ పోయి ముక్కాలి స్టాండు ఉత్తరపు కాలును తాకుతుంది. మోటారు మూలుగుతుంది. చీకట్లో ఎవరికీ కనిపించదు. అందరూ పళ్ల చక్రాలను అనుమానిస్తారు. కాబట్టి టార్చి వేసి ముందు ఈ బరువును చూడండి.

దీనికి విరుగుడు? స్టాండును తిప్పి ఉత్తరాన కాలు లేకుండా చేయవచ్చుననిపిస్తుంది. నేను దాన్ని మెచ్చను. పడుకున్న ఇరుసు వల్ల బరువంతా ఉత్తరం వైపు మొగ్గి ఉంటుంది. అటు కాలు లేకపోతే మొత్తం ఒరిగిపడే ప్రమాదముంది. స్టాండుకూ పీఠానికీ మధ్య ఒక జానెడు పొట్టి స్తంభం బిగించటం మంచిది. లేదా బరువును కడ్డీ మీద పైకి జరపండి. తూకం చెడుతుందంటారా? 4 కిలోలను 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టినా, 6 కిలోలను 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టినా ఫలితం ఒకటే: 120. తులాదండం పాఠం ఇక్కడ పనికి వచ్చింది.

రెండోది మన ఎండ, మన చలి. మేలో మా వైపు మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటటం కొత్త కాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఆదిలాబాద్ వైపు పది డిగ్రీల కంటే దిగుతుంది. మేలో ఒకరు వర్మ్‌ను చక్రానికి సందు లేకుండా బిగించారనుకుందాం. జనవరిలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు తగ్గితే ఏమవుతుంది? వర్మ్ మధ్య నుంచి చక్రం మధ్యకు 50 మిల్లీమీటర్ల దూరం, దాన్ని పట్టి ఉంచేది అల్యూమినియం పెట్టె. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు కుంచించుకుంటుంది. 50 మిల్లీమీటర్లకు 35 డిగ్రీల్లో 0.040 మిల్లీమీటరు. లోపల ఇత్తడి చక్రం 40 మిల్లీమీటర్లు, పది లక్షల్లో 19 వంతుల చొప్పున 0.027 తగ్గింది. ఉక్కు వర్మ్ 10 మిల్లీమీటర్లు, 12 వంతుల చొప్పున 0.004 తగ్గింది. పెట్టె 0.040 తగ్గితే లోపలివి కలిసి 0.031 మాత్రమే తగ్గాయి. పెట్టె వాటిని 0.009 మిల్లీమీటరు నొక్కుతున్నదన్నమాట. మన తలవెంట్రుక మందంలో సుమారు పదో వంతు. సందే లేనిచోట ఆ కొంచెమూ చాలు. దానికి తోడు చలికి గ్రీజు బెల్లం పాకంలాగా బిగుస్తుంది. అందుకని వర్మ్‌ను ఎప్పుడూ కొద్దిగా సందు ఉండేటట్టు, చేత్తో ఊపితే 'టిక్'మని లీలగా తెలిసేటట్టు బిగించాలి. ఆ సందు వల్ల చుక్క మొదట్లో కొన్ని సెకండ్లు జారినా ఫరవాలేదు, మోటారు అందుకుంటుంది.

శుభ్రం చేయటానికి పాత టూత్‌బ్రష్షు, కొంచెం కిరోసిన్ చాలు. ఆ పని పెద్దల ఎదుట, మంటకు దూరంగా, ఆరుబయట చేయండి. పాత గ్రీజంతా పోయాక గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, పలచని గ్రీజు పళ్ల మీద పూతలా పూయండి. ఎక్కువ పూస్తే మంచిదనుకుంటారు గాని, అది దుమ్మును పిలిచి కూర్చోబెట్టటమే. కుట్టుమిషన్ నూనె చిన్న ఇరుసులకు సరే. వర్మ్ మీద వేస్తే కారిపోతుంది. బొగ్గు గనుల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర ఉన్న బడుల వాళ్లు మూత సందులకు పలచని స్పాంజి అంటిస్తే మేలు.

ఇప్పుడు మీకు ఒక లెక్క. ఒక దూరదర్శిని పెద్ద చక్రానికి 180 పళ్లు. వర్మ్ ఇరుసు మీద 60 పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న చక్రానికి 15 పళ్లు. ఒక రాత్రి అది 8 గంటలకు, 8 గంటల 2 నిమిషాలకు, 8 గంటల 4 నిమిషాలకు తడబడింది. మర్నాటి రాత్రి, ఏదీ విప్పకుండానే, దాదాపు 8 నిమిషాలకొకసారి తడబడటం మొదలుపెట్టింది. రెండు రాత్రుల్లోనూ దోషం ఒకే చోట ఉందా? లేకపోతే ఇసుక రేణువు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయి ఉంటుంది?